దరఖాస్తు పెట్టుకో, బెర్నార్

శబ్దం లేదు. శబ్దం లేకుండా నవ్వుతున్నాను, తెర మీద, ఇప్పటి వయసులో సగం లేని వయసులో, చెవులకి ఎర్ర ప్లాస్టిక్ రింగులు, ఎవరు పెట్టుకోమన్నారో ఏమో, అప్పట్లో అందరం పెట్టుకుని తిరిగేవాళ్ళం, ముందు బల్ల నిండా ఎంగిలి ప్లేట్లు, వెనకాల సరస్సు, పక్కన నాతో వేసిన రెజాన్. అద్దం వెనక మెషీను దగ్గర కూర్చున్న ఫాబియెన్ మళ్ళీ మొదటికి తిప్పింది. మళ్ళీ నవ్వుతున్నాను. ఈ స్టూడియోలో ఇదే చీకట్లో ఎన్నేళ్ళుగా నిలబడుతున్నానో, అమెరికా నటీమణులు ఎంతమందికి నోరు అరువిచ్చానో లెక్క లేదు, వాళ్ళు ఏడిస్తే నేను ఏడ్చాను, వాళ్ళు మొగుళ్ళని వదిలేస్తే నేనూ నా శక్తి కొద్దీ వదిలేశాను, మధ్యాహ్నం కల్లా అయిపోగొట్టి మెట్రో ఎక్కి ఇంటికెళ్ళి సూప్ వేడి చేసుకున్నాను. అంతమందికి గొంతిచ్చినదాన్ని, నాకు నేను ఇచ్చుకోవడం ఇదే మొదలు. సొలాంజ్‌కి సొలాంజ్ డబ్బింగు. పొద్దున అద్దంలో చూసుకుని నవ్వొచ్చింది, ఇప్పుడు రావడంలేదు. తెర అడుగున తెల్లటి పట్టీ మీద ఫాబియెన్ చేతిరాత కుడి నుంచి ఎడమకి పాకుతోంది, నోరు ఎంతసేపు తెరిచి ఉంటే అక్షరం అంత సాగదీసి రాస్తుంది, ఆ మాట వచ్చి నిలువు గీతకి తగలగానే మనం అనాలి, ముందూ కాదు వెనకా కాదు, మా ఊళ్ళో ఇదే పద్ధతి, కంప్యూటర్లు వచ్చినా చేతిరాత పోలేదు, ఎందుకంటే అచ్చక్షరాన్ని సాగదీస్తే ఎవరికీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. నా మాట వస్తోంది. దరఖాస్తు పెట్టుకో, బెర్నార్. కమిటీ పరిశీలిస్తుంది. పెదాలకి సరిగ్గా సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, నేను అన్నది అదే. కానీ దానికి ముందు రెజాన్ మాట ఉంది చూశారా, అక్కడ ఫాబియెన్ స్క్రిప్టులో ఉన్నది రాసి పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది.

"మేడమ్ సొలాంజ్, ఇక్కడ ఆయన ఏమన్నారు?" అని అడిగింది నేను కోటు విప్పుతుండగానే. "స్క్రిప్టు మాటకి పెదాలు కలవట్లేదు. మూసుకోవాల్సిన చోట తెరుచుకుంటున్నాయి. మాటే వేరు."

"ఎన్నేళ్ళయింది తల్లీ, గుర్తులేదు" అన్నాను. అనేశాక అర్థమైంది ఎంత తొందరగా అన్నానో. ఆ పిల్ల అద్దం వెనక కూర్చుని ఆ ముక్కే తిప్పి తిప్పి చూస్తోంది, తనది ఆ పని మరి, పెదాలు చూసి మాట పట్టుకోవడం. లుదోవిక్ వచ్చేదాకా వేరే పని లేదు. లుదోవిక్ రెజాన్ కొడుకు. రాత్రంతా కురిసింది కదా, మంచు ఎత్తే లారీలు వచ్చే ముందు సైరను వేస్తాయి, వినకపోతే కారు ఎత్తుకుపోయి నాలుగు వీధులవతల పడేస్తాయి, ఆయన వినలేదట, కారు వెతుక్కుంటున్నాడట, ఫోను చేశాడు. తండ్రి కూడా అంతే, చెవిదగ్గర సైరను మోగినా వినేవాడు కాదు. తండ్రి మాట తండ్రి చెప్పలేడు కాబట్టి కొడుకు చెబుతాడు. నాలుగో రీలు శబ్దం పాడైపోయింది, డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొట్టిందట, వీడియో కాపీల్లోది నీళ్ళలోంచి మాట్లాడినట్టుందట, సినిమాకి కొత్త ప్రింటు తీసి ఏప్రిల్లో పెద్ద హాల్లో వేస్తారట, అందుకని ఆ ఒక్క సీనుకి మళ్ళీ గొంతులు కావాలి. ఆ ఒక్క సీనే పాడవాలా. రీళ్ళు తొమ్మిదున్నాయి.

జున్ను వచ్చే వేళకి. అదీ సినిమా పేరు. ఆరుగురు యూనివర్సిటీ ప్రొఫెసర్లు, సరస్సు పక్కన ఒక ఇల్లు, ఒక శనివారం, సూప్ దగ్గర మొదలుపెట్టి జున్ను వచ్చేదాకా సెక్సు గురించే మాట్లాడుకుంటారు. పడక గురించి అంత మాట్లాడిన సినిమాలో పడక ఒక్కటీ కనిపించదు, కనిపించేదల్లా తిండి. మేం ప్రొఫెసర్లం కాదు, నాటకాల వాళ్ళం, సగంమంది బడి పూర్తిచేసినవాళ్ళం కూడా కాదు, అందుకని అర్మాన్, అదే డైరెక్టరు, ఆ వసంతమంతా మమ్మల్ని తీసుకెళ్ళి నిజం ప్రొఫెసర్ల ఇళ్ళల్లో భోజనాలకి కూర్చోబెట్టాడు. వాళ్ళెలా మాట్లాడతారో వినండి అన్నాడు. విన్నాం. పింఛను గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు, ఎవరికెన్ని, ఎప్పట్నుంచి, మధ్యలో ఎంతకాలం గ్యాపు. ఒకాయన రోమన్ సామ్రాజ్యం ఎందుకు పడిపోయిందో చెబుతూ తన రెండో భార్య ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పేశాడు, రెండింటికీ కారణం ఒకటేనట. పక్కన మూడో భార్య ఉప్పు అందించింది. బయటికొచ్చాక రెజాన్ మెట్ల మీద కూర్చుని, "సొలాంజ్, వీళ్ళు ఎప్పుడైనా చేస్తారంటావా, లేక మాట్లాడటమేనా?" అన్నాడు, అంత సీరియస్‌గా అడిగాడు, నేను నవ్వలేక చచ్చాను. తెర మీద ఊళ్ళో ఆడవాళ్ళందరినీ చుట్టేసిన బెర్నార్‌గా వేసింది ఈ మనిషే. ఆడపిల్ల ఎదురొస్తే తలుపు పట్టుకుని నిలబడేవాడు, ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా.

మా అమ్మ చూసింది సినిమా. సగెనే నుంచి బస్సెక్కి వచ్చి, అత్తయ్యని వెంటబెట్టుకుని, నాకు చెప్పకుండా చూసొచ్చి, తర్వాత ఫోను చేసింది. పదకొండుమందిని కన్నది మా అమ్మ. ఆ విషయం మీద జీవితంలో ఒక్క మాట మాట్లాడింది లేదు, మాట్లాడటానికి మాటలే లేవు ఆమె దగ్గర, అవన్నీ ఫాదరీ దగ్గరుండేవి. ఏడాదికోసారి ఫాదరీ ఇల్లిల్లూ తిరిగేవాడు, మంచి కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, ఉయ్యాల ఖాళీగా ఉంటే ఉయ్యాల వైపు చూసి, ఏమమ్మా, ఈ ఏడు ఏమీ లేదా అనేవాడు, అమ్మ ఏప్రన్ సర్దుకునేది, నాన్న లేచి కిటికీలోంచి గుర్రాన్ని చూసేవాడు. ఆ వంటింట్లోంచి వచ్చినవాళ్ళమే మేమంతా, ఆ ఆరుగురమూ, అర్మానూ, ఆ ప్రొఫెసర్లూ. ఒక్క తరంలో గుళ్ళు ఖాళీ చేసేసి బల్లచుట్టూ కూర్చుని నోరు విప్పాం, ఇక మూయలేదు. కానీ తిట్లు మాత్రం గుళ్ళోవే మిగిలాయి, మా వాళ్ళకి కోపమొస్తే మందసం, పానపాత్ర, అప్పం అని తిడతారు గాని పక్కలోని మాటలు తిట్టుకి పనికిరావు. రోజంతా సెక్సు మీద డైలాగులు రాసిన అర్మాన్, లైటు పోతే మందసం అని అరిచేవాడు. అమ్మ ఫోనులో, "బాగానే మాట్లాడారు. అంతసేపు మాట్లాడారు, ఆరుగురికీ కలిపి ఒక్క పిల్ల లేదేమే? గిన్నెలు ఎవరు కడిగారు చివరికి?" అంది. అమ్మా, నీ దుంపతెగా, సరిగ్గా ఆ గిన్నెల దగ్గరికే ఎలా వెళ్ళావు నువ్వు.

గిన్నెలు మేం కడిగాం. రెజానూ నేనూ. డబ్బులేని సినిమా, ప్లేట్లు ఒక్క సెట్టే, పొద్దుట్నుంచీ తిన్న భోజనాన్నే రేపు మళ్ళీ అలాగే తినాలి, అంటే సాయంత్రం అన్నీ కడిగి పొద్దున్నే మళ్ళీ లెక్క ప్రకారం మురికి చెయ్యాలి. ఏ ప్లేటులో ఎముక ఎటు తిరిగి ఉందో, ఏ గ్లాసులో వైను ఎక్కడిదాకా ఉందో ఫొటోలు తీసి గోడకి అంటించేవాళ్ళు. కడిగేది అతను, తుడిచేది నేను. ఎవరు చెప్పారో గుర్తులేదు, ఎవరూ చెప్పలేదనుకుంటా, రోజూ ఆఖర్న తీసేది మా ఇద్దరి సీను కాబట్టి బల్ల దగ్గర మిగిలేది మేమే, మిగిలినవాళ్ళు బీరు తీసుకుని సరస్సు ఒడ్డుకి పోయేవాళ్ళు. జూను కదా, నల్ల ఈగలు, కిటికీ తీస్తే కరిచేస్తాయి, మూస్తే ఆవిరి. అతను చొక్కా చేతులు పైకి మడిచి మోచేతుల దాకా సబ్బులో ముంచి, ముందు గ్లాసులు, తర్వాత చెంచాలు, తర్వాత ప్లేట్లు, ఆఖర్న ఇనప మూకుడు, మూకుడికి సబ్బు తగలనిచ్చేవాడు కాదు. వాళ్ళ నాన్న రంపపు మిల్లులో చేసేవాడని, రెండు వేళ్ళు లేవని, ఆ లేని వేళ్ళతోనే పియానో వాయించేవాడని చెప్పాడు. నేను మా అక్కచెల్లెళ్ళం ఒకే జత ఉన్ని మేజోళ్ళని వంతులేసుకుని చర్చిలో మాస్‌కి వెళ్ళిన సంగతి చెప్పాను. అంతే. బల్ల దగ్గర రోజంతా ఎవరు ఎవరితో ఎన్నిసార్లు, సింకు దగ్గర సబ్బూ మేజోళ్ళూ. అతని మోచెయ్యి నాకు తగల్లేదు. తగలకుండా అతను ఎంత జాగ్రత్తగా ఉన్నాడో నాకు తెలుస్తూనే ఉండేది, నేను ఎంత జాగ్రత్తగా ఉన్నానో అతనికీ తెలిసే ఉంటుంది. ఒకసారి వాన పట్టుకుంది, షూటింగు ఆగిపోయింది, గిన్నెలు లేవు, ఇద్దరం సింకు దగ్గర ఊరికే నిలబడ్డాం, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి అతను శుభ్రంగా ఉన్న ప్లేటు ఒకటి తీసి కడిగాడు. నేను తుడిచాను. ఇంత వయసొచ్చింది, ఎవరెవరితోనో ఉన్నాను, పళ్ళ డాక్టరు గిల్బర్‌తో పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, మంచివాడు, ఇంట్లో గిన్నెలు కడిగే యంత్రం ఉండేది. ఇవాళ ఎవరైనా అడిగితే నా జీవితంలో ఒళ్ళు తెలియకుండా సంతోషంగా ఉన్నది ఎప్పుడంటే ఆ తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డప్పుడే అంటాను. అడిగినవాళ్ళు లేరు.

మళ్ళీ తిప్పింది. వస్తోంది. మిగిలినవాళ్ళంతా జెట్టీ మీదికి వెళ్ళారు, దూరంగా చిన్నగా కనిపిస్తున్నారు, బల్ల దగ్గర మేమిద్దరమే. స్క్రిప్టు ప్రకారం బెర్నార్ నావైపు వంగి, ఎలెన్, మన డిపార్టుమెంటులో నీతో పడుకోని మగవాణ్ణి నేనొక్కణ్ణే, నాకేదో అన్యాయం జరిగింది అంటాడు. నేను గ్లాసు కింద పెట్టి, దరఖాస్తు పెట్టుకో, బెర్నార్, కమిటీ పరిశీలిస్తుంది అంటాను. నాకు సినిమాలో పేరు ఎలెన్. ఆ మధ్యాహ్నం ఎన్నోసారో అది, సరస్సు మీద ఎవడో మోటారు పడవేసుకుని తిరుగుతున్నాడు, మాటలు ఎలాగూ పనికిరావు, తర్వాత స్టూడియోలో చెప్పించుకుందాం, నాకు మొహాలు చాలు అన్నాడు అర్మాన్. శబ్దం చూసేవాడు చెవుల్లోవి తీసేసి సిగరెట్ ముట్టించాడు. కెమెరా తిరిగింది. రెజాన్ నావైపు వంగాడు, ఎప్పుడూ వంగే దానికంటే తక్కువే వంగాడు, ఎలెన్ అనలేదు. సొలాంజ్ అన్నాడు. సొలాంజ్, గిన్నెలు నేను కడుగుతాను, నువ్వు తుడువు, రోజూ, నేను దెనీజ్‌తో చెబుతాను, అన్నాడు. దెనీజ్ అతని భార్య, నర్సు, షూటింగుకి ఒకసారి వచ్చింది, అందరికీ బ్లూబెర్రీ జాము తెచ్చింది. పడవ శబ్దంలో కూడా నాకు ప్రతి ముక్కా వినిపించింది. ఏం చెయ్యాలి నేను. కెమెరా తిరుగుతోంది. ఫిల్ము ఖరీదు. నోరు దానంతట అదే తెరుచుకుంది, నెలరోజులుగా నేర్పిన నోరు, దరఖాస్తు పెట్టుకో, బెర్నార్, కమిటీ పరిశీలిస్తుంది అంది. అతను నవ్వాడు. అర్మాన్ కట్ అన్నాడు, "పానపాత్ర, ఇప్పుడు కుదిరింది. సొలాంజ్, నీ మొహంలో ఏదో అయ్యింది, ఏం చేశావో గాని అదే కావాలి నాకు" అన్నాడు. ఆ సాయంత్రం వంట చేసిపెట్టే ఆవిడ వచ్చి, ఇక సీను అయిపోయిందిగా, నేను కడుగుతాలే పొండి అంది.

హాస్యమేమో. అదే అనుకున్నాను, అనుకోవాలిగా మరి. నటుల్లో ఇది మామూలే, ఎదుటివాళ్ళని నవ్వించి టేకు చెడగొట్టడానికి ఏదో ఒకటి అనడం. సూప్ సీనులో రెజాన్ అందరి మొహాలూ చూస్తూ కామశాస్త్రం చెప్పాల్సిన చోట వాళ్ళ ఊరి కిరాణా కొట్లో బంగాళాదుంపల ధర చెప్పాడు, ముగ్గురు ముక్కులోంచి సూప్ కక్కారు. అలాంటి మనిషి. శబ్దం రికార్డవదని తెలిసి అన్నాడు. అంటే హాస్యానికే అన్నాడు. లేదా, శబ్దం రికార్డవదని తెలిసే అన్నాడు, అంటే నిజంగానే అన్నాడు. ఇన్నేళ్ళుగా ఒకే వాక్యాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూస్తున్నాను, ఫాబియెన్‌కి ఇవాళ పొద్దుట్నుంచే. అక్టోబరులో డబ్బింగుకి పిలిచారు, ఇద్దరం ఒకే మైకు ముందు నిలబడ్డాం, పట్టీ మీద స్క్రిప్టు మాట వచ్చింది, అతని పెదాలకి కలవదు, అర్మాన్ పరవాలేదు, చూసేవాళ్ళు నీ పెదాలు చూడరు, ఆమె మొహం చూస్తారు అన్నాడు. రెజాన్ ఎలెన్ అని మొదలుపెట్టి అన్యాయం దాకా ఒక్క ముక్క తడబడకుండా చెప్పేశాడు. ఈసారి నేను ఆగాను, ఏదైనా అంటాడేమోనని, అర్మాన్ అద్దం కొట్టాడు, నీ వంతు అని. చెప్పాను. నడవాలో కోటు తొడుక్కుంటూ, దెనీజ్‌కి ఏప్రిల్లో కానుపు అన్నాడు రెజాన్, గోడ వైపు చూస్తూ. శుభం అన్నాను. రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టాను, అందరికీ పెట్టినట్టే.

తర్వాత సినిమా ఎక్కడ చూసినా అదే. ఆ మాట మా దేశమంతా పట్టుకుంది. ఎవడైనా తాగి ఎవరి వెంటైనా పడితే, దరఖాస్తు పెట్టుకో, బెర్నార్. మెట్రోలో ముసలావిడ నన్ను చూసి కన్నుకొట్టి అనేది. బ్యాంకులో అప్పుకి వెళితే గుమాస్తా అన్నాడు, తనే పగలబడి నవ్వాడు. పత్రికల్లో నా మాటకి ముందు వచ్చే ఆ చిన్న విరామం గురించి రాశారు, ఒక స్వేచ్ఛాజీవి అయిన స్త్రీ మగవాడి అహంకారాన్ని తూచి చూసే అర సెకను అట, ఒకాయన దాని మీద వ్యాసమే రాశాడు, యూనివర్సిటీలో పాఠం చెబుతున్నారని కూడా విన్నాను. ఆ అర సెకనులో నాకేమైందో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ మెచ్చుకున్నది దాన్నే, మీ అందరి ఇష్టం. రెజాన్ నాటకాలు వేశాడు, నేను వేరే వాళ్ళ నోళ్ళలో బతికాను, ఎవరైనా పోతే అంత్యక్రియల్లో కనిపించేవాళ్ళం, సాండ్‌విచ్‌ల బల్ల దగ్గర. ఎలా ఉన్నావు, బాగున్నాను, నువ్వు. ఒకసారి వానలో చర్చి అరుగు మీద చాలాసేపు నిలబడ్డాం, వాన తగ్గిపోయాక కూడా. గొంతు జబ్బని తెలిసింది. చూడటానికి వెళ్ళలేదు, వెళితే దెనీజ్ తలుపు తీస్తుంది, కూర్చోమంటుంది, కాఫీ ఇస్తుంది, ఆ కప్పు నేను ఏం చెయ్యాలి. పువ్వులు పంపాను. మూడేళ్ళయింది పోయి.

తలుపు తెరుచుకుంది. మంచు, చలి, తడి ఉన్ని వాసన, బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. "క్షమించాలి, కారు దొరికింది గాని చలానా కూడా దొరికింది" అన్నాడు ఎవరో. ఎవరో కాదు. నేను అటు తిరగలేదు వెంటనే. గొంతు ముందొచ్చింది, మనిషి తర్వాత. ఆ అడుగున కొంచెం గరుకు, వాక్యం చివర నవ్వబోయి మానుకున్నట్టు తగ్గిపోవడం, అచ్చం రెజాన్‌దే. ఒళ్ళు ఝల్లుమంది, ఈ వయసులో ఇదేం పాడు అనుకున్నాను. తిరిగి చూస్తే మొహం దెనీజ్‌ది, గుండ్రంగా, నెమ్మదిగా. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "చిన్నప్పట్నుంచీ మిమ్మల్ని చూస్తున్నాను మేడమ్, మా టీవీలో. కలవడం ఇదే" అన్నాడు. నేను ఏమన్నానో, మంచు గురించి ఏదో అన్నాను.

ఫాబియెన్ తిప్పింది. ముగ్గురం చూశాం. జెట్టీ మీద చిన్న మనుషులు, బల్ల, నేను, రెజాన్ వంగడం, పెదాలు. లుదోవిక్ హెడ్‌ఫోను మెళ్ళోనే ఉంచుకుని మైకు దగ్గరికి వెళ్ళినవాడు ఆగిపోయాడు. "ఇది కాదు కదా ఆయన అంటున్నది" అన్నాడు, పట్టీ వైపు చూపించి.

"పొద్దుట్నుంచీ నేనూ అదే అంటున్నాను" అంది ఫాబియెన్ స్పీకర్లోంచి. "మేడమ్‌కి గుర్తులేదంట."

ఆయన నావైపు చూశాడు. ఆ గుర్తులేకపోవడం ఎలాంటిదో అర్థమైనట్టుంది, నెమ్మదిగా, నాకు మాత్రమే చెబుతున్నట్టు, "గొంతు తీసేశాక రెండేళ్ళు బతికాడు నాన్న. పలక ఇచ్చాం, విసిరికొట్టాడు. మెషీను ఇచ్చారు, రోబోలాగుంది నేను మాట్లాడనన్నాడు. పెదాలు కదిపేవాడు, మేం చదువుకునేవాళ్ళం. మా ఇంట్లో అందరికీ వచ్చు" అన్నాడు.

నేను గ్లాసులో నీళ్ళు తాగాను. కింద పెట్టాను.

"ఆఖరి చలికాలం ఈ సినిమా పెట్టుకుని కూర్చునేవాడు. టీవీకి శబ్దం తీసేసి చూసేవాడు, నాకెందుకు శబ్దం, నాకు లేదుగా అని. ఈ చోటికి వచ్చేసరికి తెర మీద మనిషితోబాటు తనూ అనేవాడు. ప్రతిసారీ. ముందు డైలాగు అనుకున్నాను నేను. డైలాగు కాదు."

"మీ అమ్మ?" అన్నాను.

"పక్కనే కూర్చునేది, దుప్పటి సర్దుతూ. నాకంటే బాగా చదువుతుంది, నర్సు కదా."

"ఏమంది?"

"చాన్నాళ్ళు ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం, 'రోజూ కడుగుతాడట. ఈ ఇంట్లో ఒక్క చెంచా ముట్టుకోలేదు మహానుభావుడు' అంది నాతో, ఆయన వినేట్టే. ఆయన నవ్వాడు. శబ్దం లేదుగా, భుజాలు అదిరాయి. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. తర్వాత అమ్మ వెళ్ళి గిన్నెలు తోముకుంది."

హాస్యం కాదు. బయటివాళ్ళెవరూ లేని గదిలో, ఎవర్నీ నవ్వించాల్సిన పనిలేక, గొంతైనా లేక, పక్కన ఆవిడ ఉండగా, ప్రతిసారీ. హాస్యం కాదన్నమాట. ఇన్నేళ్ళకి ఎవరో వచ్చి చేతిలో పెట్టారు, ఏం చేసుకోను దీన్ని, ఎక్కడ దాచుకోను. కళ్ళ నీళ్ళొచ్చాయి, రానిచ్చాను, చీకటేగా. దెనీజ్‌కి తెలుసు. ఆవిడకి తెలిసి, దుప్పటి సర్దింది. నేను ఏ మొహం పెట్టుకుని కప్పు పట్టుకోవాలా అని భయపడి వెళ్ళలేదే, వెళ్ళుంటే ఆవిడే ఇచ్చుండేదేమో ఆ తడిగుడ్డ నా చేతికి, ఒక్కరోజుకైనా.

"అయితే ఏం రాయమంటారు నన్ను?" అంది ఫాబియెన్. పాపం, ఆ పిల్లకి గంటకింత అని లెక్క. "అసలు మాట దొరికితే అదే పెట్టమన్నారు కొత్త ప్రింటు తీయించేవాళ్ళు. పెదాలు కలవడం ముఖ్యం అన్నారు."

"మేడమ్ ఎలా చెబితే అలా" అన్నాడు లుదోవిక్.

ఏప్రిల్లో పెద్ద హాలు. దెనీజ్ ముందు వరసలో కూర్చుంటుంది, అందరూ లేచి చప్పట్లు కొడతారు ఆవిడకి. తెర మీద ఆవిడ మొగుడు, పదడుగుల పెదాలతో, కొడుకు గొంతుతో, నేను దెనీజ్‌తో చెబుతాను అంటాడు. తన ఇంట్లో తనూ మొగుడూ నవ్వి సరిపెట్టుకున్నదాన్ని వెయ్యిమందిలో ఆవిడ ముందు పెట్టాలా. పెడితే అది నాదవుతుంది, నిజం బయటపడుతుంది, ఆ వ్యాసం రాసినాయన ఇంకో వ్యాసం రాస్తాడు. పెట్టకపోతే మళ్ళీ అదే, అతని పెదాలు ఒకటి అంటుంటే మనం ఇంకోటి పెడతాం, గొంతు లేని మనిషి నోట్లో రెండోసారి. రెండూ నాకు ఇష్టం లేదు. కానీ అతను అన్నది నాతో. హాలుతో కాదు. పడవ శబ్దం చూసుకుని మరీ అన్నాడు.

"స్క్రిప్టులో ఉన్నదే ఉంచు తల్లీ. జనం దరఖాస్తు కోసమే టికెట్టు కొంటారు" అన్నాను.

లుదోవిక్ తల ఊపాడు. భుజాలు దిగాయి, ఆయనకీ అదే కావాలేమో, తల్లి ఉంది కదా. హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఫాబియెన్ ప్రశ్నార్థకం చెరిపేసింది. ఇక మొదలుపెట్టాలి. ముందు ఒకసారి రిహార్సలు చూసుకుందాం అన్నాను, రికార్డింగు ఆపి, బొమ్మ మాత్రం తిప్పి, గొంతు పడుతుందో లేదో. ఆయన చెవి దగ్గరికి వెళ్ళి, "ఒక్కసారికి పట్టీ చూడకు నాయనా. మీ నాన్నని చూడు" అన్నాను. ఆయన పట్టీ మీంచి కళ్ళు పైకి తిప్పుకున్నాడు.

బల్ల. ఎంగిలి ప్లేట్లు. సరస్సు. అతను వంగుతున్నాడు, కొంచెమే. సొలాంజ్, అన్నాడు, నా పక్కన చీకట్లోంచి, అదే గరుకు, ఈసారి పడవ లేదు, గిన్నెలు నేను కడుగుతాను, నువ్వు తుడువు, రోజూ. దెనీజ్ మాట దగ్గర కూడా ఆ గొంతు ఆగలేదు, చెప్పింది, ప్రతి అక్షరం పెదాల మీద వచ్చి కూర్చుంది. అర సెకను వచ్చింది. తెర మీద నా మొహంలో అయ్యేది అవుతోంది. నోరు తెరుచుకుంది.

"సరే" అన్నాను.

స్పీకరు కరకరలాడింది. "మేడమ్, మాట చిన్నదైపోయింది. మీ పెదాలింకా కదుల్తున్నాయి అక్కడ" అంది ఫాబియెన్.

"కదలనీ" అన్నాను.